ఆగడం నేర్చిన పంటు

గెద్దాడ దేవదానం ఇరవై ఏళ్ళు లారీ నడిపాడు. కాకినాడ నుంచి కలకత్తా దాకా అతను తిరగని రోడ్డు లేదు, ఆగి టీ తాగని కొట్టు లేదు. అలాంటి మనిషిని స్టీరింగు ముందు నుంచి లేపి పడవ ఎక్కించింది అతని చెల్లెలు కరుణ.

కరుణ ధవళేశ్వరంలోని జలరవాణా పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. ఒక ఆదివారం చర్చి నుంచి తిన్నగా అన్నని కాలువ గట్టుకి తీసుకొచ్చింది. అక్కడ ఒక పంటు కట్టేసి ఉంది. అడుగు చదునుగా, లోపల ఖాళీ గదిలా ఉండే సరుకు పడవ అది. దాని నిండా బియ్యం బస్తాలు పేర్చి ఉన్నాయి.

"ఎంత బరువుంటుంది?" అన్నాడు దేవదానం.

"నీ లారీలాంటివి ఓ ఆరు లారీల సరుకు. నెట్టు."

"దీన్నా? క్రేను తెప్పించవే."

"నెట్టన్నయ్యా."

చెల్లెలి సరదా తీర్చడానికని దేవదానం వంగి పంటు అంచు మీద అరచెయ్యి ఆనించి తోశాడు. తోసీ తోయగానే అది కదిలింది. అతను ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అయినా పంటు పోతూనే ఉంది. ఇంజనీరు సత్తార్ గట్టు వెంట పరుగెత్తి మోకు అందుకుని లాగాల్సి వచ్చింది. దేవదానం చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ నవ్వు చూసే కరుణ అతన్ని పంటు నడిపే సరంగుగా రమ్మని అడిగింది.

ఆ మహిమ అంతా పంటు అడుగున అతికించిన పొరలో ఉంది. డెల్టా కాలువల్లో నీటి మీద తేలే ఒక చిన్న మొక్క ఉంటుంది. దాని ఆకుల మీద కంటికి ఆనీ ఆనని నూగు. ఆకుని నీళ్ళలో ముంచి అదిమి పట్టినా ఆ నూగు తన మధ్యనున్న గాలిని వదలదు. పైకి తీస్తే ఆకు పొడిగానే ఉంటుంది. కరుణ తన వయసులో మంచి కాలమంతా పెట్టి అలాంటి నూగున్న పొరని తయారు చేసింది. దాన్ని అతికిస్తే పడవకీ నీటికీ మధ్య పల్చటి గాలి పరుపు నిలిచిపోతుంది. నీరు పడవని పట్టుకోదు. పొలంలో బోరుకి పెట్టే మోటారంత మోటారు, దాన్ని తిప్పడానికి పైకప్పు మీద సోలార్ పలకలు ఉంటే చాలు, అన్ని బస్తాలూ కాకినాడ రేవుకి చేరిపోతాయి. చుక్క డీజిలు అక్కర్లేదు.

ఆ డీజిలే అప్పట్లో దేశానికి తలనొప్పి. వాహనాల పొగ తగ్గిస్తామని ప్రపంచం ముందు మాటిచ్చి వచ్చారు. మోటారుసైకిళ్ళు, ఆటోలు, బస్సులు చాలావరకు బ్యాటరీకి మారాయి. సరుకు లారీలే మారలేదు. అంత బరువు లాగే బ్యాటరీ పెడితే సగం సరుకు చోటు దానికే పోతోంది. గడువు దగ్గరపడుతోంది. బియ్యం, సిమెంటు, ఎరువులు పరుగుల మీద చేరాల్సిన సరుకులు కావు కదా, కాలువల్లో నెమ్మదిగా పోనిస్తే ఏమని కరుణ వాదన. గోదావరి కాలువల్లో ఆనాటికి గుర్రపు డెక్క మొక్కలు, ఒకటీ అరా చిన్న నావ తప్ప ప్రయాణం చేసేది ఏదీ లేదు. ఢిల్లీ నుంచి ఒక నిపుణుల బృందం వచ్చి చూసి ఒప్పుకుంటే కాలువలు బాగవుతాయి. లేకపోతే ఆ డబ్బుతో రోడ్లు ఇంకా వెడల్పు చేస్తారు.

లారీ స్టాండులో మాత్రం దేవదానానికి మాటలు పడ్డాయి. "నీ చెల్లెలు మన కడుపు మీద కొడుతోందిరా" అన్నారు పాత స్నేహితులు.

"పడవకీ మనిషి కావాలి కదరా. ఆ మనిషి మనమే అవుదాం" అన్నాడు దేవదానం.

పరీక్ష ప్రయాణాలు మొదట్లో బాగానే సాగాయి. పంటుని ఆపడానికి మోటారుని వెనక్కి తిప్పేవారు. నీళ్ళలో తిరిగే పంకా నీటిని ఎదురు తోస్తే పంటు నిదానించేది. దేవదానానికి లారీ అలవాటు ఉండటంతో ఎక్కడ వెనక్కి తిప్పాలో తొందరగా పట్టుబడింది. మెడలో తువ్వాలు వేసుకుని, చుక్కాని పట్టుకుని, గట్టు మీద పోయే సైకిళ్ళవాళ్ళని పలకరిస్తూ పోయేవాడు. "ఇన్నేళ్ళూ హారన్ కొట్టీ కొట్టీ చెవులు పోయాయి. ఇప్పుడు పిట్టల అరుపు వినబడుతోంది" అనేవాడు.

ఒక రోజు పంటులో కరుణ కూడా ఉంది. పొద్దెక్కాక చింతలంక లాకు కనిపించింది. లాకంటే కాలువకి కట్టిన నీటి మెట్టు. రెండు గేట్ల మధ్యకి పడవని రానిచ్చి, నీళ్ళు ఎక్కించో దించో అవతలికి వదులుతారు. ఇవతలి గేట్లు మూసి ఉన్నాయి. లోపల కొబ్బరి పీచు పనికి వెళ్ళే ఆడవాళ్ళ నావ ఒకటి నీళ్ళు దిగడం కోసం ఆగి ఉంది. వాళ్ళ మాటలు, నవ్వులు ఇక్కడికి వినిపిస్తున్నాయి.

దేవదానం మోటారు వెనక్కి తిప్పాడు. పంకా రెండు చుట్లు తిరిగి, గుర్రపు డెక్క కాడల్లో చిక్కుకుని బిగుసుకుపోయింది. మోటారు మూలిగి ఆగిపోయింది.

పంటు ఆగలేదు. ఎప్పటిలా మెత్తగా, చప్పుడు లేకుండా ముందుకు పోతూనే ఉంది. ఆ మెత్తదనమే కరుణకి జన్మంతా గుర్తుండిపోయింది. భయపెట్టేది ఏదైనా చప్పుడు చేస్తూ వస్తుందనుకుంటాం. ఇది పూల పడవలా వెళ్తోంది, గేట్ల వైపు.

"వంగి కూర్చో" అని చెల్లెలితో ఒక్క మాట అని దేవదానం మోకు తీసుకుని గట్టు మీదకి దూకాడు. గట్టున పడవలు కట్టే రాతి గుంజ ఉంది. మోకుని దాని చుట్టూ ఒక చుట్టు తిప్పి, రెండో చుట్టు తిప్పుతుండగా అది బిగుసుకుంది. అంత బరువూ ఒక్కసారిగా తాడు మీద పడింది. పంటు ముక్కు పక్కకి తిరిగి గట్టుని గుద్దుకుని, గేట్లకి బారెడు దూరంలో నిలిచింది. దేవదానం కుడిచెయ్యి ఆ రెండో చుట్టు లోపల ఉండిపోయింది.

లాకు లోపల ఆడవాళ్ళకి ఏం తప్పిపోయిందో కూడా తెలియలేదు. గట్టు మీద కేకలు విని తలలెత్తి చూశారు.

* * *

రాజమండ్రి ఆసుపత్రిలో డాక్టర్లు మోచేతి కింద వరకు చెయ్యి తీసేశారు. తెలివి వచ్చాక దేవదానం మొదట అడిగింది నావలో ఆడవాళ్ళ గురించి. అందరూ బాగున్నారని కరుణ చెప్పింది. అతను సరేనన్నట్టు తల ఊపి గోడ వైపు తిరిగాడు.

వరండాలో బెంచీ మీద దేవదానం భార్య మార్తమ్మ కూర్చుని ఉంది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ పని మీదే కళ్ళుండే మనిషి. ఆమె పుట్టింటివాళ్ళు గోదావరిలో ఇసుక పడవలు నడిపినవాళ్ళు. కరుణ వెళ్ళి పక్కన కూర్చుంది. మార్తమ్మ చెయ్యి పట్టుకోబోయింది. మార్తమ్మ చెయ్యి ఇవ్వలేదు, లాక్కోనూ లేదు.

"కరుణా, ఒక మాట అడుగుతాను. తిన్నగా చెప్పు. అది ఆగదని నీకు తెలుసా?"

"ఆగుతుందనే అనుకున్నాం వదినా. మోటారు వెనక్కి తిప్పితే ఆగుతుంది. రోజూ ఆగింది."

"మోటారే పాడైతే?"

ఇంతమంది చదువుకున్నవాళ్ళు కూర్చుని పడవని కదిలించడం గురించే ఆలోచించారు. నీటి పట్టు విడిపించడమే వాళ్ళకి పని. ఆ పట్టే ఇన్నేళ్ళుగా పడవల్ని ఆపుతోందని ఎవరికీ పట్టలేదు.

"పాడైతే ఏం చెయ్యాలో మేం ఆలోచించలేదు వదినా" అంది కరుణ.

"నిజం చెప్పావు. ఇంటికెళ్ళి కాస్త తిను. రేపు ఆయన బట్టలు పట్టుకురా" అని మార్తమ్మ లేచి లోపలికి వెళ్ళింది.

కేంద్రంలో పని ఆపేశారు. డైరెక్టర్ పద్మనాభం కరుణని పిలిచి కూర్చోబెట్టారు.

"నాకు రెండే దారులు కనిపిస్తున్నాయమ్మా. పొర పీకేసి మామూలు రంగు వెయ్యడం ఒకటి. అప్పుడు ఈ మోటారు చాలదు, పలకలు చాలవు, లారీ కంటే ఖర్చవుతుంది. ఢిల్లీవాళ్ళు చూసి నవ్వుకుని వెళ్ళిపోతారు. రెండోది, మనమే ముందు వద్దని రాసేయడం."

"వాళ్ళెప్పుడు వస్తున్నారు సార్?"

"వేసవి మొదట్లో."

"అప్పటిదాకా నాకు తొట్టి గది ఇవ్వండి. పంటు వద్దు, మనుషులు వద్దు. బొమ్మ పడవలతోనే చేస్తాను. కుదరకపోతే ఆ కాగితం నేనే రాసిస్తాను."

తొట్టి గది అంటే పెద్ద షెడ్డు. అందులో పొడుగాటి సిమెంటు తొట్టి, దాన్నిండా కాలువ నీళ్ళు. సత్తార్ బల్లెడు పొడుగున్న బొమ్మ పంటులు చేసి అందులో వదిలేవాడు. ఇద్దరూ పొద్దున్నే వచ్చి పని మొదలుపెట్టేవారు.

పొర నూగుకి సన్న తీగలు కలిపి కొద్దిపాటి కరెంటు పారిస్తే, నూగు కొనలు నీటిని తోసెయ్యడం మానేసి పీల్చుకుంటాయని కరుణకి తెలుసు. అప్పుడు గాలి బుడగలై పోతుంది. నూగంతా నానిన కంబళిలా బరువెక్కి నీటిని పట్టేసుకుంటుంది. మామూలు పడవ అడుగు కంటే ఎన్నో రెట్లు గట్టిగా పడుతుంది. బొమ్మ పంటు మీద చేసి చూశారు. తొట్టి మధ్యలో నిలబడిపోయింది.

సత్తార్ సంతోషంగా చేతులు తుడుచుకున్నాడు. "అయిపోయింది మేడమ్. మీట నొక్కితే ఆగిపోతుంది."

కరుణ ఆ బొమ్మ పంటుని చూస్తూ కూర్చుంది. మార్తమ్మ ప్రశ్న చెవిలో ఉంది.

"అవలేదు సత్తార్ గారూ. మీట పనిచెయ్యకపోతే? బ్యాటరీ అయిపోతే? తీగ తెగితే?"

"అలా అనుకుంటూ పోతే అంతుండదు మేడమ్."

"ఉంటుంది. తిరగెయ్యాలి. కరెంటు ఉన్నంతసేపే పొర పొడిగా ఉండాలి. కరెంటు పోతే తడవాలి. ఏది పాడైనా, ఎవరు స్పృహ తప్పి పడిపోయినా, పంటు తనంతట తాను ఆగాలి."

చెప్పినంత తేలిక కాలేదు. పొరని మొదటినుంచీ మళ్ళీ చెయ్యాల్సి వచ్చింది. గాలిని పట్టి ఉంచడానికి కాస్త కరెంటు ఎప్పుడూ ఖర్చవుతుంది. దాన్ని పలకల నుంచి మిగల్చడానికి నానా తంటాలు పడ్డారు. అదీ కుదిరాక ఇంకో చిక్కు వచ్చింది. కరెంటు తీసెయ్యగానే పొర ఒకచోట ముందు, ఒకచోట తర్వాత తడిసేది. ముందు తడిసిన వైపుని నీరు పట్టుకుంటే బొమ్మ పంటు గిర్రున తిరిగి తొట్టి గోడకి కొట్టుకునేది. కొట్టుకున్న ప్రతిసారీ కరుణ దాన్ని మళ్ళీ మొదటికి తెచ్చి వదిలేది.

* * *

దేవదానం ఇంటికి వచ్చాడు. ఇల్లు కడియం పూలతోటల పక్కన, చింతలంక లాకుకి నడిచి వెళ్ళేంత దూరంలో. ఎడమచేత్తో అన్నం కలుపుకోవడం, చొక్కా బొత్తాలు పెట్టుకోవడం ఒక్కొక్కటే నేర్చుకుంటున్నాడు. మార్తమ్మ సాయం చెయ్యబోతే వద్దంటాడు. లారీ స్టాండు స్నేహితులు వచ్చి కాసేపు కూర్చుని వెళ్ళేవారు. ఒకాయన ఓదార్పుగా, "ఆ రోడ్డు మీదే ఉండి ఉంటే నీకీ గతి పట్టేది కాదు" అన్నాడు.

ఒక సాయంత్రం కరుణ వెళ్ళి వాకిట్లో అన్న పక్కన కూర్చుంది. పూల మొక్కలకి నీళ్ళు పెడుతున్న వాసన వస్తోంది.

"అన్నయ్యా, ఈసారి ఏది పాడైనా పంటు..."

"నా దగ్గర పడవ మాట ఎత్తకు." గొంతు పెంచలేదు. "నీ మీద కోపం కాదు. నాకు కళ్ళు మూసుకుంటే అది వెళ్తూనే ఉంటుంది కరుణా. చప్పుడు లేకుండా. నా చెయ్యి గురించి కాదు. ఆ గేట్ల వెనక వాళ్ళు నవ్వుకుంటున్నారు, గుర్తుందా? నేను ఓ క్షణం ఆలస్యంగా దూకి ఉంటే? అది తలచుకుంటే అన్నం దిగదు."

కరుణ కాసేపు కూర్చుని, చీకటి పడకముందే లేచి వచ్చేసింది. దారంతా ఏడుస్తూనే వచ్చింది. మర్నాడు షెడ్డుకి అందరికంటే ముందే వెళ్ళింది.

ఆ రోజే చిక్కు విడింది. పొరనంతా ఒక్కసారి కాకుండా అడ్డంగా పట్టీలుగా చీల్చి చూద్దామనుకున్నారు. ముక్కు వైపు పట్టీ ముందు తడిస్తే బొమ్మ ఇంకా అడ్డంగా తిరిగిపోయింది. విసిగిపోయిన కరుణ ఆ బొమ్మకి తాడు కట్టి, ఎటు లాగితే ఎటు తిరుగుతుందో చేత్తోనే లాగి చూసింది. ముందు నుంచి అడ్డుకుంటే పక్కకి జారుకుంటోంది. వెనక నుంచి పట్టి లాగితే బుద్ధిగా తిన్నగా నిలుస్తోంది.

"వెనక పట్టీ ముందు తడవాలి" అంది.

సత్తార్ పట్టీలకి వరస మార్చాడు. తోక దగ్గర మొదలై ముక్కు దాకా ఒకదాని తర్వాత ఒకటి. బొమ్మ పంటుని వదిలి కరెంటు తీసేశారు. వెనక నుంచి ఎవరో చొక్కా పట్టుకున్నట్టు అది నెమ్మదించి, వంకర పోకుండా నిలిచింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ రోజంతా అదే పని చేశారు. పొద్దుగూకేదాకా ఒక్కసారి కూడా గోడని తాకలేదు.

పెద్ద పంటుకి కొత్త పొర వెయ్యడానికి పద్మనాభం ఒప్పుకున్నారు. కానీ సరంగు దొరకలేదు. దేవదానం సంగతి కాలువ పొడుగునా తెలిసిపోయింది. ఎంత ఇస్తామన్నా ఎవరూ చుక్కాని పట్టుకోవడానికి ఒప్పుకోలేదు.

మార్తమ్మ ఒకరోజు తనే షెడ్డుకి వచ్చింది. తొట్టి గట్టు మీద నిలబడి బొమ్మ పంటు ఆగడం చూసింది. ఇంకోసారి చూపించమంది. తర్వాత, "పెద్దదానికి మనిషి దొరకలేదటగా. నేను వస్తాను" అంది.

"నువ్వా? వద్దు వదినా."

"ఎందుకొద్దు? పెళ్ళికి ముందు మా నాన్నతో ఇసుక పడవ మీద గెడ వేసినదాన్ని. ఇంట్లో కూర్చుని ఆయన మొహం చూస్తూ ఉండటం నా వల్ల కావటంలేదు."

"మళ్ళీ మన ఇంటి మనిషినే ఎక్కించమంటావా? నాకు ధైర్యం లేదు."

"నువ్వు ఎక్కుతున్నావా, లేదా?"

"ఎక్కుతాను."

"అయితే నేనూ ఎక్కుతాను. నువ్వు ఎక్కనంటే నేను ఇటు నుంచి ఇటే వెళ్ళిపోదును."

"అన్నయ్యకి చెప్పావా?"

"చెప్పాను. వద్దన్నారు. వచ్చాను."

* * *

పరీక్ష రోజున పంటు బియ్యం బస్తాలతో ధవళేశ్వరం వదిలింది. మార్తమ్మ చీర కొంగు బిగించి చుక్కాని దగ్గర నిలబడింది. సత్తార్ తీగల పెట్టె ముందు కూర్చున్నాడు. లాకులకి చాలా దూరంగా, గట్లు తిన్నగా ఉండే చోట ఆపి చూడాలని కరుణ ఏర్పాటు చేసింది.

ఆ చోటు వచ్చేసరికి గట్టు మీద ఒక మోటారుసైకిలు ఆగి ఉంది. దాని పక్కన దేవదానం నిలబడి ఉన్నాడు. లారీ స్నేహితుడెవరో తీసుకొచ్చినట్టుంది.

"గట్టుకి తియ్యి మార్తా" అని కేకేశాడు.

మార్తమ్మ మోటారు నిదానం చేసి గెడతో పంటుని గట్టు వారకి నెట్టింది. దేవదానం ఎడమచెయ్యి ఆనించుకుని ఎక్కాడు. అతను భార్య వైపు గానీ చెల్లెలి వైపు గానీ చూడలేదు.

"ఇంట్లో కూర్చుని ఎదురుచూడటం కంటే ఇదే నయం" అన్నాడు ఎవరితోనో అన్నట్టు. తర్వాత సత్తార్‌ని అడిగాడు, "ఏది పాడైనా ఆగుతుందన్నారు. అన్నీ పాడు చెయ్యాలంటే ఏది తియ్యాలి?"

సత్తార్ ఎర్ర పిడి ఉన్న మీట చూపించాడు. పలకలకీ, బ్యాటరీకీ, మోటారుకీ, పొరకీ అన్నింటికీ మధ్య కరెంటు కలిపేది అదే.

పంటు మళ్ళీ వేగం అందుకుంది. గట్టు మీద కొబ్బరిచెట్లు వెనక్కి పోతున్నాయి. దేవదానం మీట మీద ఎడమచెయ్యి వేసి కాసేపు అలాగే ఉండిపోయాడు. అతను మీట లాగేశాడు.

మోటారు సద్దు ఆగింది. ఒక్క క్షణం ఏమీ కాలేదనిపించింది. పంటు అదే మెత్తదనంతో జారుతోంది. అంతలో వెనక అంచు కింద నుంచి బుడగలు గుంపుగా పైకి వచ్చాయి. అడుగు నుంచి బట్ట చింపుతున్నట్టు ఒక చప్పుడు లేచింది. ఇన్నాళ్ళూ నోరు లేని ఆ పంటుకి మొదటిసారి గొంతు వచ్చింది. వెనక నుంచి బుడగలు వరసగా ముందుకు పాకుతుంటే అందరూ ముందుకు తూలారు. ముక్కు కొద్దిగా కుడికి లాగింది. మార్తమ్మ గెడ వేసి సర్దింది. పంటు నీటిలో పాతేసినట్టు నిలబడిపోయింది.

సత్తార్ కళ్ళు తుడుచుకున్నాడు.

"మళ్ళీ చెయ్యండి" అన్నాడు దేవదానం.

చిన్న పంపుతో పొర కిందకి గాలి ఎక్కించి మళ్ళీ బయలుదేరదీశారు. మళ్ళీ మీట లాగాడు. మళ్ళీ ఆగింది. తీగల పెట్టెలో ఒక తీగ పీకెయ్యమన్నాడు. ఆగింది. గాలి ఎదురుగా ఉన్నప్పుడు, వెనక ఉన్నప్పుడు, మలుపులో. సత్తార్ అలసిపోయి బస్తాల మీద వాలాడు గానీ దేవదానం వదిలిపెట్టలేదు.

"ఒకసారి ఆగితే అదృష్టం అంటారు" అన్నాడు. తర్వాత, "చింతలంక పోనివ్వు" అన్నాడు.

"అన్నయ్యా, ఈరోజుకి చాలు. లాకు దగ్గరికి వద్దు."

"గేటు లేనిచోట ఆగితే ఎవరికి లాభం కరుణా? సరుకు గేట్లు దాటుకునేగా పోవాలి."

లాకు ఆపరేటరుకి ఫోను చేసి లోపల ఎవరూ లేకుండా చూడమన్నారు. పంటు మలుపు తిరిగేసరికి మూసిన గేట్లు ఎదురయ్యాయి. కరుణ బస్తా పట్టుకుని నిలబడింది. దేవదానం మాత్రం ముక్కు దగ్గరికి వెళ్ళి గేట్లకి ఎదురుగా నిలబడ్డాడు. ఎర్ర మీట సత్తార్‌కి అప్పగించాడు. "నేను చెప్పినప్పుడు" అన్నాడు.

గేట్లు రెండు మూడు పంటుల పొడుగు దూరంలోకి వచ్చాక, "తియ్యి" అన్నాడు.

బుడగలు లేచాయి. చప్పుడు లేచింది. పంటు గేట్లకి దూరంగానే, ఇంకో పడవ పట్టేంత చోటు వదిలి నిలిచిపోయింది. దేవదానం ఆ ఖాళీ నీటిని చాలాసేపు చూశాడు. తర్వాత అక్కడే కూర్చుని, ఎడమచేత్తో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. చెయ్యి పోయిన రోజు కూడా అతను ఏడవడం కరుణ చూడలేదు. ఆమె వెళ్ళబోతే మార్తమ్మ చెయ్యి పట్టి ఆపింది.

"ఉండనియ్యి" అంది. పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.

* * *

ఢిల్లీ బృందం వచ్చింది, చూసింది. వాళ్ళలో ఒకావిడ ఎర్ర మీట తనే లాగి చూస్తానంటే లాగనిచ్చారు. కాలువలు దేశపు సరుకు రవాణా పథకంలో చేరాయి. పనులు ఒక్కరోజులో జరగలేదు. పూడిక తియ్యడానికి, కిందికి వంగిన వంతెనలు ఎత్తడానికి చాలాకాలం పట్టింది. ఆ కాలంలో లారీ యజమానులు రెండుసార్లు బందు చేశారు. స్టాండులో కొందరు దేవదానంతో మాటలు మానేశారు, కొందరు ఈనాటికీ మాట్లాడరు. కానీ మూడో ఏడు తిరిగేసరికి కాకినాడ రోడ్డు మీద బియ్యం లారీలు సగానికి పైగా తగ్గాయి. ఆ రోడ్డు పక్క బడిలో కిటికీలు తెరిచి పాఠాలు చెప్పుకుంటున్నారని ఎవరో అంటే కరుణ ఒకసారి పనిగట్టుకుని వెళ్ళి చూసి వచ్చింది. దేశం ఇచ్చిన మాటలో ఇంకా చాలా బాకీ ఉంది. కృష్ణా కాలువలకి పొర తయారవుతోంది. బెంగాలు నుంచి, కేరళ నుంచి మనుషులు వచ్చి నేర్చుకుని వెళ్తున్నారు.

చింతలంక లాకు పక్కన సరంగుల శిక్షణ కేంద్రం పెట్టారు. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు ఎక్కువమంది లారీ డ్రైవర్లే. వాళ్ళకి నేర్పేది దేవదానం. మార్తమ్మ కాకినాడ దాకా పంటు నడుపుతుంది. ఆమె పంటు వెళ్తుంటే గట్టు మీద పిల్లలు చేతులూపుతారు. చలికాలంలో దేవదానానికి లేని చెయ్యి నొప్పెడుతుంది. అప్పుడు పాఠం ఆపి మోచెయ్యి నిమురుకుంటాడు. శిష్యులు గ్రహించి ఊరుకుంటారు.

ఒక మధ్యాహ్నం కరుణ అక్కడికి వెళ్ళింది. కొత్తగా చేరిన డ్రైవరు ఒకాయన, మీసాలు నెరిసిన మనిషి, మొదటిసారి ఒంటరిగా సరుకు పంటుని లాకు వైపు తీసుకొస్తున్నాడు. గట్టు మీద దేవదానం నిలబడి ఉన్నాడు.

"మా గురువుగారు మొదటి నెలంతా ఆపడమే నేర్పారండి, నడపడం తర్వాతేనట" అన్నాడు పక్కనున్న ఇంకో శిష్యుడు నవ్వుతూ.

"నడపడం మీకు వచ్చుగా" అన్నాడు దేవదానం. తర్వాత చెల్లెల్ని చూశాడు. "ఎప్పుడొచ్చావు? తిన్నావా?"

"లేదన్నయ్యా. ఇంకా లేదు."

"మీ వదిన పొద్దున చేపల పులుసు పెట్టి వెళ్ళింది. నిన్న చేపలు తెచ్చినప్పటి నుంచీ నీ కోసమే అంటోంది. పద."

మాట్లాడుతూనే అతను కాలువకి వీపు పెట్టి ఆమె వైపు తిరిగాడు. అతని భుజం మీదుగా కరుణకి పంటు కనిపిస్తోంది. నిండు బరువుతో, మెత్తగా, మూసిన గేట్ల వైపు వస్తోంది. దేవదానం ముందురోజు సంతలో కొన్న చేపల సంగతి చెబుతున్నాడు, ఎంత బేరం చేశాడో, అమ్మినావిడ ఏమందో. వెనక బుడగల చప్పుడు లేచింది. నీళ్ళు గట్టుకి మెల్లగా తగిలాయి. పంటు నిలిచింది.

అతను వెనక్కి తిరిగి చూడలేదు. "పులుపు కాస్త ఎక్కువైంది గానీ బాగుంది" అంటూ ఇంటివైపు నడిచాడు.